నేల తట్టి పిలిచే ఇల్లు

ఎమ్మిగనూరు,
ఆషాఢ మాసం

చౌడమ్మ వదినకు,

మహేశ్వరి రాస్తున్నాను. అందరం బాగున్నామని రాయడం అలవాటు గనక రాయాలి గానీ, బాగోలేము వదినా. ఫోన్లో మీ ఆయన నాగప్పన్నకు చెబుదామంటే, ఆయన నీకు వినిపించాలని అరిచేసరికి మీ అంగట్లో దారం ఉండలు కొనడానికొచ్చిన వాళ్ళందరికీ మా ఇంటి సంగతి తెలిసిపోతుంది. అందుకే వారం వారం మన చీరలు ఆదోనికి మోసుకొచ్చే తిరుపాల్ మూటలో ఈ కాగితం పెడుతున్నాను.

మన మమతకు వినబడదట. బడికి డాక్టర్లు వచ్చి పిల్లల చెవులన్నీ చూశారు. మరుసటి రోజు టీచరమ్మ ఇంటికే వచ్చేసింది. "మీ పాప మొండిది కాదమ్మా, ఇనబడక జవాబు సెప్పడం ల్యా. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి బొక్క పడింది, కుడిది మరీ పెద్దది" అంది. నాకు కోపం వచ్చింది. "మా ఇంట్లో పిలిస్తే ఠక్కున తిరుగుతాదే!" అన్నాను. "ఏదీ, పిలవండి చూద్దాం" అంది ఆమె.

నేను అలవాటు కొద్దీ చేత్తో నేల తట్టాను. మమత తిరిగింది. "అట్ల గాదమ్మా, నోటితో పిలవండి" అంది టీచరమ్మ. మగ్గాలు ఆపి, వెనక నిలబడి పిలిచాను. గట్టిగా పిలిచాను. బిడ్డ తన పాటికి తాను నూలు కండెలు చుట్టుకుంటూనే ఉంది. వదినా, మగ్గాలు ఆడే ఇంట్లో గొంతు ఎక్కడ వినబడుతుంది? పుట్టినప్పటి నుంచీ నేల తట్టే పిలిచాం, సైగలతోనే మాట్లాడాం. పదకొండేళ్ళ కూతురికి వినబడదని కన్నతల్లినైన నాకు ఊరివాళ్ళు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

మీ ఆదోనిలోనే చెవి డాక్టరమ్మ ఉంది, చూపించాం. ముందు మందులతో చీము ఆపి, తర్వాత ఆపరేషన్ చేసి కుడిచెవి బొక్క మూస్తానంది. ఎడమది ఆ తర్వాత చూద్దామంది. వదిలేస్తే ఇప్పుడున్న వినికిడి కూడా పోతుందట. నాకైతే ఇవాళే చేయించేయాలని ఉంది. అత్త మాత్రం ససేమిరా అంటోంది. "మన సౌడమ్మకు సెవి కారలేదా? అది బతకలేదా? బడి మాన్పించి మగ్గం మీద కూసోబెడితే సరిపాయ!" అంటుంది. మీ తమ్ముడి సంగతి నీకు తెలిసిందే, ఇల్లు కూలినా నోరు విప్పడు. బిడ్డకు బడంటే ప్రాణం వదినా. నువ్వు ఒక్క మాట రాస్తే మీ అమ్మ వింటుంది.

నీ మరదలు,
మహేశ్వరి


ఆదోని,
తిరుపాల్ తిరిగొచ్చే రోజు

మహేశ్వరికి,

కింది నాలుగు ముక్కలూ మా అమ్మ రామక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మగ్గాలు ఆపించి, గట్టిగా చదువు.

అమ్మా, సౌడమ్మ బతికింది నిజమే. బడి మాన్పిస్తే ఏడ్చి ఏడ్చి బతికింది. తన పెళ్ళిలో అయ్యగారు చదివిన మంత్రాల్లో ఒక్కటీ వినకుండా బతికింది. అంగట్లో ఎవరో పలకరిస్తే వినబడక ఊరుకుంటే, "ఈమెకు ఎంత పొగరో" అనిపించుకుంటూ బతుకుతోంది. నువ్వు నా చెవుల్లో పోసిన వెల్లుల్లి నూనెతో ఎమ్మిగనూరు మొత్తానికీ బజ్జీలు కాల్చి ఉండొచ్చు. చెవి బాగుపడిందా? ఇక ఆ నూనె గిన్నె తీసుకుని నా మేనకోడలి దగ్గరికి వెళ్ళావంటే, నేనే బస్సెక్కి వచ్చి ఆ గిన్నె బావిలో పడేస్తాను.

చదివావా? మంచిది. ఇక నీకు.

ఆ మాట తెలిసినప్పటి నుంచి నాకు నిలకడ లేదే పిల్లా! చెవిలో బొక్కకు అతుకు వేస్తారా! మా కాలంలో చెవి పోయిందంటే పోయిందంతే, ఊడిన పన్ను లెక్క. చేయించు. రేపు చేస్తామంటే రేపే చేయించు. ఆపరేషన్ అయ్యాక బిడ్డ నా దగ్గరే ఉంటుంది. మీ ఇంట్లో నూలు ధూళికి గోడలే తుమ్ముతాయి. పైగా మా అమ్మ ఉంది, ధూళి కంటే ఆమెతోనే భయం.

నా గురించి బాధపడుతూ రాయకు. నాకేం లోటు లేదు. మీ నాగప్పన్న గురక వినబడని అదృష్టం ఈ వీధిలో నాకొక్కదానికే పట్టింది.

చౌడమ్మ


ఎమ్మిగనూరు,
శ్రావణ మాసం

వదినకు,

క్షేమంగా ఇల్లు చేరాం. బిడ్డను నీ దగ్గర వదిలి బస్సెక్కుతుంటే మనసు ఒప్పలేదు, కానీ ఇక్కడ అత్త ఒక్కతే ఉంది, మగ్గం మీద పెళ్ళి చీర సగంలో ఉంది.

ఆపరేషన్ రోజు నువ్వు అంగట్లో చిక్కుకుని రాలేకపోయావు, అందుకే ఇది రాయాలి. డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచి విడమరిచి చెప్పింది. మత్తు ఇచ్చి, చెవి వెనక చిన్న కోత పెట్టి, అక్కడ కండ మీద ఉండే పల్చని పొర తీసి, దాన్ని బొక్కకు అతుకు వేస్తారట. ఇదంతా చెబుతుంటే నోరు విప్పని మీ తమ్ముడు నోరు విప్పాడు! "బిడ్డది ఎందుకు మేడమ్, నా ఒంట్లోంచి తీసుకోండి" అన్నాడు. "మీది పట్టదండీ, పాపది పాపకే పట్టాలి" అందామె. అంతటితో ఊరుకున్నాడా? "ఆ పొర ఎన్నో నంబరు నూలంత సన్నగా ఉంటాది? అరవయ్యా, వందా?" అని అడిగాడు. డాక్టరమ్మ నవ్వి, "నూలు నంబర్లు నాకు తెలియవు గానీ, ఉల్లిపొర అనుకోండి" అంది. బయటికొచ్చాక నాతో, "ఉల్లిపొరను అతికేది మాటలా మహేశ్వరీ, నా సేతనైతే గాదు" అన్నాడు. ఆపరేషన్ గది తలుపు తెరిచేదాకా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను.

ఇక జాగ్రత్తలు. అతుకు పట్టేవరకు చెవిలో నీటి చుక్క పడకూడదు. జలుబు చేయకూడదు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, మూసుకుని తుమ్మితే లోపలి గాలి అతుకును తోసేస్తుందట. అతుకు పట్టకపోతే కథ మళ్ళీ మొదటికే. చాలామంది పిల్లలకు పడుతుందనే చెప్పింది గానీ, నాకు ఆ మిగిలిన కొద్దిమందే కళ్ళ ముందు తిరుగుతున్నారు. బిడ్డ ఎలా ఉందో వెంటనే రాయి.

మహేశ్వరి


ఆదోని,
శ్రావణ మాసం, శనివారం

మహేశ్వరికి,

నీ కూతురు రాజ్యం ఏలుతోంది. కుట్లు విప్పారు, ఏడవలేదు. అక్కడ నేను ఏడ్చాను, నర్సు నన్ను బయట కూర్చోబెట్టింది.

చెవి నిండా మందు దూది ఉంది కాబట్టి ఇప్పటికి దానికీ వినబడదు, నాకెలాగూ వినబడదు. ఇద్దరం నేల తట్టుకుంటూ, సైగలు చేసుకుంటూ హాయిగా ఉన్నాం. మధ్యలో మీ నాగప్పన్న ఒక్కడే చెవులున్న పాపానికి బయట కోడి కూసినా, కుక్క అరిచినా మాకు వివరించి చెబుతున్నాడు.

నిన్న ఉగ్గాణికి తిరగమోత వేస్తూ మిరపకాయలు మాడ్చాను. ఘాటు ఇల్లంతా కమ్మింది. నీ కూతురు నోరు ఇంత తెరిచి "హా...చ్" అంది. వెనకే నేనూ నోరు తెరిచాను. అంగట్లోంచి పరుగెత్తుకొచ్చిన మీ అన్న కూడా, చెవికి ఏ రోగమూ లేకపోయినా, భయంతో నోరు తెరిచే తుమ్మాడు. బొత్తాలు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కొనకుండానే వెళ్ళిపోయారు.

అయినా బిడ్డ మనసులో భయం ఉంది. అన్నం తింటూ పలక మీద రాసి చూపించింది: "అత్తా, పట్టకపోతే?" నేను కింద రాశాను: "తెగిన పోగును ఒక్కసారి అతికి వదిలేస్తామా? మళ్ళీ వేస్తారు." దానికి ధైర్యం చెప్పాను గానీ, ఆ రాత్రి లేచి లేచి దాని చెవిలో దూది చూసుకున్నాను.

ఇంకొకటి. మా పక్కింట్లో ఒకావిడ ఉంది. యాభై దాటాయి. చిన్నప్పటి నుంచి చెవులు కారి కారి వినికిడి పోయింది. ఆ వయసులో కూడా అతుకు వేస్తారా అని నన్ను పొడుచుకు తింటోంది. ఈసారి డాక్టరమ్మను చూసినప్పుడు కాస్త అడుగు. నాకోసం కాదు, ఆమె పోరు పడలేక.

చౌడమ్మ


ఎమ్మిగనూరు,
భాద్రపద మాసం

వదినకు,

నీ గడప తొక్కకుండానే ఆదోనికి వచ్చి వెళ్ళామని తెలిస్తే తిడతావు. ముందు చదువు, తర్వాత తిట్టు.

మీ తమ్ముడు బిడ్డను నీ దగ్గర నుంచి తీసుకొచ్చిన రోజు, తలకు నీళ్ళు పోయొద్దని అత్తతో ఒట్టు వేయించుకున్నాను. ఆమె ఒట్టు తప్పలేదు. గడప దగ్గర పళ్ళెం పట్టుకుని దిష్టి మాత్రం తీసింది. తీసి, చివర్లో మూడు వేళ్ళు ముంచి బిడ్డ ముఖాన చిలకరించింది. నేను లోపల అన్నం వారుస్తున్నాను, చూడలేదు.

సాయంత్రం జడ వేద్దామని కూర్చోబెట్టుకుంటే, చెవిలో దూది ఎర్రగా ఉంది! అయ్యో రక్తం అని నేను పెట్టిన కేకకు వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఎత్తుకుని బస్టాండుకు ఒకటే పరుగు. మీ తమ్ముడు దారి పొడవునా బిడ్డ తల రెండు చేతులతో పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా తానే సీటులోంచి లేచాడు. అత్త వెనక సీట్లో కూర్చుని, "నా సేతులిరగ, నా కండ్లే తగిలినాయో ఏమో" అని ఏడుపు. అతుకు పోయింది, అంతా పోయింది అనే అనుకున్నాను వదినా. ఇంత ఆశ ఎందుకు పెట్టుకున్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

డాక్టరమ్మ దూది తీసింది. చూసింది. వాసన చూసింది! "ఇది రక్తం కాదమ్మా, పసుపు వాసన కొడుతోంది. ఏం చేశారు?" అంది. అత్త ముఖం చూడాలి నువ్వు. "దిష్టి తీసినా తల్లీ... పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు" అంది, చీమ మాట్లాడినట్టు. డాక్టరమ్మ నవ్వలేదు. "దూది పైనే తడిసింది కాబట్టి సరిపోయింది. లోపలికి పోయుంటే ఏమయ్యేదో తెలుసా?" అని గట్టిగానే కోప్పడింది. అత్త తల వంచుకుంది.

వచ్చారు గనక లోపల కూడా చూస్తానని, మిగిలిన మందు శుభ్రం చేసి, పెద్ద అద్దాల యంత్రంలోంచి చూసింది. అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత తల ఎత్తి, "పట్టింది" అంది. ఒక్క మాట! ఎక్కడా సందు లేకుండా పట్టిందట. నేను డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. మీ తమ్ముడు గోడకు ఆనుకుని అట్లాగే కింద కూర్చుండిపోయాడు. బయటికి రాగానే అత్త కళ్ళు తుడుచుకుని, "నా దిష్టి నీళ్ళ మహిమ గాకపోతే ఏంది?" అంది. ఆమెను ఎవరు మార్చగలరు!

ఆఖరి బస్సు తప్పుతుందని నీ దగ్గరికి రాలేకపోయాం.

నువ్వడిగింది మరిచిపోలేదు. వయసుతో పని లేదట. లోపలి చిన్న ఎముకలు బాగుంటే వేయొచ్చట, పూర్తిగా కాకపోయినా చాలావరకు వినికిడి వస్తుందట, ముందు వచ్చి చూపించుకోమంది. పక్కింటావిడకు చెప్పు. అయితే వదినా, మీ ఇంటికి ఒక పక్క పత్తి గోదాము, ఇంకో పక్క వీధి. ఆ పక్కింటావిడ పత్తి బస్తాల్లో కాపురం ఉంటోందా?

మహేశ్వరి


ఆదోని,
భాద్రపద మాసం

మహేశ్వరికి,

పట్టింది! నీ ఉత్తరంలో ఆ మాట దగ్గరికి రాగానే లేచి అంగట్లోకి వెళ్ళి, "పట్టిందంట!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో నాకేం తెలుసు, మీ అన్న చేతిలో టీ గ్లాసు కింద పడింది. మిఠాయి తెప్పించి వచ్చినవాళ్ళందరికీ పెట్టాను. ఎందుకో అడిగినవాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను.

మా అమ్మకు చెప్పు, ఆ పళ్ళెం కూడా బావిలోకే.

పక్కింటావిడ ఊరికి పోయింది. ఆమె సంగతి వదిలెయ్యి. ఈ వయసులో మత్తులూ కోతలూ ఎందుకని ఆమే అనుకుందట. వినడానికి కొత్తగా ఏముందిలే లోకంలో.

చౌడమ్మ


ఎమ్మిగనూరు,
కార్తీక అమావాస్య మరునాడు

వదినకు,

రాయడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. డాక్టరమ్మ చెవిలో గొట్టాలు పెట్టి పరీక్ష చేసింది. కుడిచెవి వినికిడి బాగా పెరిగింది. బడిలో హాజరు పిలిస్తే వెనక బెంచీలోంచి "ప్రెజెంట్ మేడమ్" అందట. టీచరమ్మ దారిలో నన్ను ఆపి చెప్పి కౌగిలించుకుంది.

అయినా అత్తకు యంత్రం మీద నమ్మకం లేదు, "నా కండ్లతో సూడాల" అంది. అమావాస్యనాడు మన వీధిలో ఏ మగ్గమూ ఆడదు కదా, ఆ రోజే పరీక్ష పెట్టాం. అమావాస్య వస్తే ఇంట్లో నిలవని మీ తమ్ముడు కూడా బిడ్డ కోసమని ఉండిపోయాడు. ఊరికే కూర్చోలేడు గదా, మగ్గం గుంతలో దిగి తెగిన పోగులు అతుక్కుంటున్నాడు.

మమతను గోడ వైపు తిప్పి నిలబెట్టాం. అత్త వెనక నిలబడి, పిలవబోయే ముందు అలవాటుగా కాలితో నేల తట్టింది! పరీక్ష చెడింది. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అత్తను మంచం మీద కూర్చోబెట్టాను, కాళ్ళు నేలకు తగలకుండా. ఆమె నోరు తెరిచే లోపు మమత చెయ్యి పైకెత్తి, "అవ్వా, ఉండు ఉండు. నాయన పాడతాండాడు" అంది.

వదినా, అందరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. విన్నాం. నిజంగానే పాడుతున్నాడు! చాలా సన్నగా, లోపల్లోపలే, తాను పాడుతున్నట్టు తనకే తెలియకుండా. పన్నెండేళ్ళకు పైగా ఆ మనిషి పక్క మగ్గం మీద కూర్చుని నేస్తున్నాను, ఆ పెదవులు కదలడం చూస్తున్నాను, మగ్గం చప్పుడులో ఒక్క ముక్క వినలేదు. మేం చూస్తున్నామని తెలిసి ఎర్రబడిపోయి గుంతలోంచి పైకి కూడా రాలేదు. మమత వెళ్ళి పక్కన కూర్చుని, "ఇంగోసారి నాయనా, ఇంగోసారి" అని ఆ పాటంతా పాడించుకుంది.

పాట ఆయన కట్టుకున్నదేనట. అందులో నీ పేరుంది వదినా. ఏముందో మాత్రం నేను రాయను. అది కాగితం మీద చదివే పాట కాదు.

మహేశ్వరి


ఆదోని,
మార్గశిర మాసం

మహేశ్వరికి,

నువ్వు మామూలు గడుసుదానివి కాదు. పాటలో నా పేరుందని రాసి, మాటలు రాయకుండా వదిలేస్తావా? మూడు రోజులుగా నాకు అన్నం సయించలేదు.

వాడు పెదవులు కదిలించడం నాకూ తెలుసు. పెళ్ళి కాకముందు వాడి పక్కనే కండెలు చుట్టేదాన్ని. వక్క నములుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను! పండక్కి వచ్చినప్పుడల్లా "ఆ వక్క మానెయ్యరా, పండ్లు పోతాయి" అని తిట్టాను కూడా. పిచ్చోడు, ఒక్కసారైనా కాదని చెప్పాడా?

సరే, విను. పక్కింటావిడ పత్తి బస్తాల్లోంచి లేచి డాక్టరమ్మ దగ్గరికి పోయింది. ఎడమచెవి లోపలి ఎముకలు అరిగిపోయాయట, దానితో లాభం లేదు. కుడిచెవి ఎముకలు గట్టిగా ఉన్నాయట. పుష్యమాసంలో ఆపరేషన్. నాకు భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది. పట్టకపోతే ఏమని మమతను అడుగు. ఏం చెబుతుందో నాకు తెలుసు, అయినా అడుగు.

చౌడమ్మ


ఆదోని,
ఫాల్గుణ మాసం

మహేశ్వరికి,

నిన్న మధ్యాహ్నం అంగట్లో ఫోన్ మోగింది. మోగిందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే విన్నాను. మీ అన్న కుర్చీలోంచి లేచే లోపు కుడిచెవికి పెట్టుకున్నాను.

"అక్కా" అన్నాడు.

తమ్ముడి ముఖం నాకు వాడు పుట్టినప్పటి నుంచి తెలుసు. గొంతు మాత్రం చిన్నప్పుడెప్పుడో విన్నదే. అంత బొంగురుగా ఉంటుందనుకోలేదు. "పాడరా" అన్నాను. "ఫోన్లో యాడ పాడేదక్కా, సిగ్గయితాది" అన్నాడు. పాడకపోతే ఫోన్ పెట్టేస్తానన్నాను. గొంతు సవరించుకున్నాడు. వెనక నుంచి మమత "పాడు నాయనా" అనడం కూడా వినబడింది నాకు!

*నాడే నాడే, నల్ల నాడే, యాడికి పోతావే?*
*ఈ అంచు నుంచి ఆ అంచుకేనా, ఆదోని దాకా పోరాదా?*
*ఆడ మా సౌడక్క ఉండాది, అడిగినానని సెప్పిరా,*
*తమ్ముడు పిలిస్తాండాడని సెవిలో సెప్పిరా.*

మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెతో నాకు కబురు పంపాడే మహేశ్వరీ! "ఎప్పటి నుంచిరా ఈ పాట?" అని అడిగితే, "నువ్వు పెండ్లయి పోయినావే, ఆ పొద్దు నుంచి" అన్నాడు. అంగట్లో జనం చూస్తుండగానే ఏడ్చాను. పైట కొంగుతో ముక్కు చీదబోయి, డాక్టరమ్మ గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఈ ఉత్తరం తిరుపాల్ మూటలో పెట్టడం లేదు. ఫోన్లో చెప్పేయొచ్చు గానీ, అలవాటు కొద్దీ రాస్తున్నాను. తమ్ముడు పిలిచాక పోకుండా ఎట్లా? సోమవారం బస్సుకు నేనే వస్తున్నాను, నా చేతులతోనే ఇస్తాను. మా అమ్మకు ఎర్రనీళ్ళ పళ్ళెం తీయొద్దని చెప్పు.

నేను వాకిట్లోకి వచ్చి వీధి వైపు తిరిగి నిలబడతాను. మగ్గాలు కాసేపు ఆపండి. ఎవరూ నేల తట్టొద్దు. పేరు పెట్టి పిలవండి.

చౌడమ్మ